వీఆర్ హెడ్‌సెట్‌లో దృశ్యం ఆగి ఆగి కదులుతోందా? కారణాన్ని పట్టుకుని సరిచేసుకునే పద్ధతి

వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని ఆట మొదలుపెట్టిన కాసేపటికే దృశ్యం ఆగి ఆగి కదలడం, తల తిప్పితే వస్తువుల అంచులు రెండుగా కనిపించడం, ఊపిన చెయ్యి ఒక క్షణం వెనకబడి రావడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. ఇదే తడబాటు మానిటర్ మీద కనిపిస్తే కాస్త విసుక్కుని ఊరుకుంటాం. హెడ్‌సెట్‌లో అయితే కళ్లు చెప్పేదానికీ లోపలి చెవి చెప్పేదానికీ పొంతన కుదరక కడుపులో తిప్పుతుంది, తల దిమ్మెక్కుతుంది, కొందరికి ఆ వికారం హెడ్‌సెట్ తీసేశాక కూడా చాలాసేపు వదలదు. అందుచేత దీన్ని సర్దుకుపోదగిన చిన్న లోపంగా కాక, ముందు సరిచేసుకుని ఆ తర్వాతే ఆడవలసిన విషయంగా చూడమని నా మనవి.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా మెటా క్వెస్ట్ 2, క్వెస్ట్ 3 హెడ్‌సెట్లను విండోస్ కంప్యూటర్‌కు లింక్ కేబుల్ ద్వారా గానీ, ఎయిర్ లింక్, వర్చువల్ డెస్క్‌టాప్, స్టీమ్ లింక్ వంటి వాటితో వైఫై ద్వారా గానీ కలిపి ఆడేవారి కోసం. వాల్వ్ ఇండెక్స్ మాదిరిగా నేరుగా గ్రాఫిక్స్ కార్డుకు తగిలించే హెడ్‌సెట్లు వాడేవారు కేబుల్, వైఫై, ట్రాకింగ్ భాగాలను వదిలేసి మిగతావాటిలో తమకు వర్తించేవి పాటించవచ్చు.

ఎవరో ఇచ్చిన సెట్టింగుల జాబితా తీసుకుని అన్నింటినీ ఒకే పూటలో మార్చేయడం ఈ విషయంలో అన్నింటికన్నా నష్టం చేసే పద్ధతి. సమస్య పోయినా ఏ మార్పు వల్ల పోయిందో తెలియదు. పోకపోతే, ఏ మార్పు కొత్త సమస్యను తెచ్చిపెట్టిందో అంతకన్నా తెలియదు. ముందు కొలవండి, తర్వాత ఒక్కటే మార్చండి, మళ్లీ కొలవండి. ప్రతి మార్పునూ, దానికి ముందూ వెనకా కనిపించిన అంకెలనూ ఒక కాగితం మీద రాసుకోండి.

మొదటి మెట్టు: ఫ్రేమ్‌కు ఎంత సమయం ఉందో తెలుసుకోండి

హెడ్‌సెట్ 90 హెర్ట్జ్‌లో, అంటే తెర మీది చిత్రం సెకనుకు 90 సార్లు మారేలా, నడుస్తున్నప్పుడు ఒక్కో చిత్రాన్ని (ఫ్రేమ్‌ను) తయారుచేయడానికి కంప్యూటర్‌కు ఉండే గడువు 11.1 మిల్లీసెకన్లు. 72 హెర్ట్జ్‌లో అది 13.9 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్‌లో 8.3 మాత్రమే. హెడ్‌సెట్ తెరను వేళ తప్పని బస్సు అనుకుంటే, ప్రతి 11.1 మిల్లీసెకన్లకూ ఒక బస్సు బయలుదేరుతుంది, 11.5 మిల్లీసెకన్లకు సిద్ధమైన ఫ్రేమ్ ఆ బస్సును అందుకోలేక తర్వాతి బస్సు దాకా ఆగిపోతుంది. అందుకే సగటున సెకనుకు 88 ఫ్రేములు వస్తున్నాయని మురిసిపోవడానికి వీల్లేదు. ఆ తప్పిన రెండూ కంటికి కుదుపుగానే తగులుతాయి. సగటు ఫ్రేముల సంఖ్యను పక్కనబెట్టి, ఒక్కో ఫ్రేమ్‌కు పట్టిన సమయాన్నీ, గడువు తప్పిన ఫ్రేముల సంఖ్యనూ చూడడం అలవాటు చేసుకోండి.

గడువు తప్పినప్పుడు హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ చేతులు ముడుచుకుని కూర్చోదు. పాత చిత్రాన్నే తల తిరిగిన మేరకు జరిపి చూపిస్తుంది. అందువల్ల తల తిప్పినప్పుడు పరిసరాలు కొంత నునుపుగానే కదులుతాయి గానీ, ఎదుట కదిలే మనుషులు, వాహనాలు, మీ చేతులు మాత్రం రెండుగా కనిపిస్తాయి. ఫ్రేములు అదే పనిగా తప్పుతుంటే మెటా వారి అసింక్రనస్ స్పేస్‌వార్ప్ రంగంలోకి దిగి, ఆటను సగం వేగానికి, అంటే 90కి బదులు 45కు దించి, మధ్యలో రావలసిన చిత్రాలను ఊహించి గీస్తుంది. స్టీమ్ ఆటల దుకాణం వారి వీఆర్ ప్రోగ్రామ్ అయిన స్టీమ్‌వీఆర్‌లో దీనికి మోషన్ స్మూతింగ్ అని పేరు. చేతుల చుట్టూ, కిటికీ ఊచల దగ్గర, విమానం ప్రొపెల్లర్ దగ్గర నీటి అలల్లాంటి వంకరలు కనిపిస్తున్నాయంటే ఇదే పని చేస్తోందని గుర్తు పట్టవచ్చు.

రెండో మెట్టు: లోపం ఆటలో ఉందా, దారిలో ఉందా, ట్రాకింగ్‌లో ఉందా

ఒకేలా అనిపించే కుదుపులకు మూడు వేరువేరు మూలాలు ఉంటాయి. కంప్యూటర్ సమయానికి ఫ్రేమ్ తయారు చేయలేకపోవడం ఒకటి. తయారైన ఫ్రేమ్ కేబుల్‌లోనో వైఫైలోనో ఆలస్యం కావడం రెండోది. తల ఎక్కడుందో హెడ్‌సెట్ కెమెరాలు సరిగా గుర్తించలేక ప్రపంచమంతా ఒక్కసారి పక్కకు జరిగినట్టు కావడం మూడోది. ఒకదానికి వేసే మందు మరొకదానికి పనికిరాదు కాబట్టి ముందు ఇది తేల్చుకోండి.

కంప్యూటర్ సంబంధం పూర్తిగా తెంచి, హెడ్‌సెట్‌ను దాని సొంత హోమ్ తెరలో ఉంచండి. గదిలోని ఒక స్థిరమైన వస్తువును, ఉదాహరణకు మెనూ అంచును, చూస్తూ తలను నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి, తర్వాత పైనుంచి కిందికి తిప్పండి. ఇక్కడ కూడా ఆ అంచు వణుకుతున్నా, గెంతుతున్నా లోపం ట్రాకింగ్‌లో ఉంది. కంప్యూటర్ సెట్టింగులు ఎన్ని మార్చినా అది పోదు. ఇక్కడ అంతా నిలకడగా ఉంటే కంప్యూటర్‌ను కలపండి. ఆట తెరవకుండా, లింక్ హోమ్‌లోనో స్టీమ్‌వీఆర్ ఖాళీ గదిలోనో అదే పరీక్ష చేయండి. కంప్యూటర్‌కు అక్కడ పెద్ద పనేమీ ఉండదు కాబట్టి, ఆ దశలోనే చిత్రం ముక్కలుగా విరగడం, క్షణంపాటు గడ్డకట్టడం, శబ్దం తెగడం కనిపిస్తే ముందుగా దారిని అనుమానించాలి. ఆట తెరిచాక మాత్రమే తడబాటు మొదలైతే ప్రాసెసర్ వైపో గ్రాఫిక్స్ కార్డు వైపో వెళ్లాలి.

కుదుపు ఎప్పుడు వస్తోందన్నది కూడా చాలా చెబుతుంది. ఆట కొత్తగా వేసిన తొలి నిమిషాల్లో, కొత్త చోటికి వెళ్లిన ప్రతిసారీ ఒక్కో పెద్ద కుదుపు వచ్చి, అదే చోటికి రెండోసారి వెళ్తే రాకపోతే, అది గ్రాఫిక్స్ కార్డు షేడర్లను (వెలుగు, రంగులను లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములను) అప్పటికప్పుడు సిద్ధం చేసుకోవడం వల్ల వచ్చేది. దానికి ఓపికే మందు, డ్రైవర్ సెట్టింగుల్లో షేడర్ క్యాష్‌ను ఆపి ఉంచకపోతే చాలు. మొదట బాగా నడిచి, పావుగంట తర్వాత క్రమంగా చెడిపోతే వేడిని గానీ, నిండిపోతున్న మెమరీని గానీ అనుమానించండి. గడియారం చూసి చెప్పగలిగినంత క్రమంగా వస్తుంటే వెనక నడుస్తున్న ఏదో ప్రోగ్రామ్ లేదా వైఫై అడాప్టర్ చేసే వెతుకులాట కారణం కావచ్చు. ఆటలో ఒక్క ప్రదేశంలోనే వస్తే ఆ ప్రదేశం బరువే కారణం, మీ కంప్యూటర్‌లో ఏదీ పాడవలేదు.

మూడో మెట్టు: కొలిచే పరికరాలు

మెటా లింక్ అప్లికేషన్‌తో పాటే ఓక్యులస్ డీబగ్ టూల్ అనే చిన్న ప్రోగ్రామ్ కంప్యూటర్‌లోకి వస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఓక్యులస్ ఫోల్డర్‌లోని సపోర్ట్ విభాగంలో, డయాగ్నస్టిక్స్ పేరున్న ఫోల్డర్‌లో అది ఉంటుంది. దాన్ని తెరిచి, కనిపించే హెచ్‌యూడీ దగ్గర పెర్ఫార్మెన్స్‌ను ఎంచుకుని, అందులో పెర్ఫార్మెన్స్ సమ్మరీని పెట్టుకుంటే తప్పిపోయిన ఫ్రేముల లెక్క, ఇంకా ఎంత శాతం సామర్థ్యం మిగిలి ఉందన్న అంకె హెడ్‌సెట్‌లోనే కళ్లముందు కనిపిస్తాయి. మిగులు 20 శాతం పైన నిలకడగా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. సున్నా దగ్గర ఊగిసలాడుతుంటే కొంచెం బరువైన దృశ్యం రాగానే ఫ్రేములు తప్పుతాయి. మైనస్‌లో ఉంటే ఇప్పటికే తప్పుతున్నాయి.

స్టీమ్‌వీఆర్ వాడేవారికి అందులోని ఫ్రేమ్ టైమింగ్ గ్రాఫ్ ఉంది. ప్రాసెసర్‌కు పట్టిన సమయాన్ని, గ్రాఫిక్స్ కార్డుకు పట్టిన సమయాన్ని అది విడివిడిగా గీసి చూపిస్తుంది. ఈ రెండు అంకెలనూ చేతి మీదే చూపించే ఎఫ్‌పీఎస్‌వీఆర్ అనే చిన్న ప్రోగ్రామ్ స్టీమ్‌లో డబ్బుకు దొరుకుతుంది. తరచుగా ఆడేవారికి దానిమీద పెట్టిన ఖర్చు వృథా కాదు. వర్చువల్ డెస్క్‌టాప్ వాడేవారు దానిలోని పెర్ఫార్మెన్స్ ఓవర్‌లేను పెట్టుకుంటే ఆటకు, ఎన్‌కోడింగ్‌కు (చిత్రాన్ని పంపడానికి కుదించడం), నెట్‌వర్క్‌కు, డీకోడింగ్‌కు (హెడ్‌సెట్‌లో దాన్ని మళ్లీ విప్పడం) ఒక్కోదానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో వేరువేరుగా తెలుస్తుంది. నాలుగింటిలో ఏది ఉన్నట్టుండి ఎగురుతోందో చూస్తే చాలు, సగం పని అయిపోయినట్టే.

పరికరాలేవీ వద్దనుకున్నా ఒక నమ్మకమైన పరీక్ష ఉంది. రిజల్యూషన్‌ను సగానికి తగ్గించి, ఆటలో అదే చోట నిలబడి చూడండి. బొమ్మ మసకబారుతుంది, దాని గురించి పట్టించుకోవద్దు. కుదుపు మాయమైతే బరువు గ్రాఫిక్స్ కార్డు మీద ఉంది. ఏ తేడా లేకపోతే అది ప్రాసెసర్‌ది గానీ, మెమరీది గానీ, దారిది గానీ.

నాలుగో మెట్టు: గ్రాఫిక్స్ కార్డు మీద బరువు తగ్గించడం

బరువు ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. క్వెస్ట్ 2లో ఒక్కో కంటికి 1832 × 1920 చొప్పున రెండు కళ్లకూ 70 లక్షలు, క్వెస్ట్ 3లో 2064 × 2208 చొప్పున 91 లక్షలు. లెన్స్ వంపును సరిచేయడానికి తెర మీద ఉన్నవాటి కంటే ఎక్కువ పిక్సెళ్లనే గీయవలసి వస్తుంది కాబట్టి అసలు పని ఇంకా పెద్దది. మానిటర్ మీద ఏ ఆటనైనా హాయిగా నడిపే కార్డు ఇక్కడ ఎందుకు రొప్పుతోందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

రిజల్యూషన్‌ను పెంచే మీటలు ఒకటి కాదు, మూడు చోట్ల ఉంటాయి. మెటా లింక్ అప్లికేషన్‌లో ఒకటి, స్టీమ్‌వీఆర్‌లో ఒకటి, చాలా ఆటల లోపల సూపర్ శాంప్లింగ్ పేరుతో ఇంకొకటి. ఇవి ఒకదాని ఫలితాన్ని మరొకటి హెచ్చవేస్తాయి. మెటా లింక్‌లో పిక్సెళ్లను ఒకటిన్నర రెట్లు చేసి, స్టీమ్‌వీఆర్‌లో 150 శాతం పెడితే మొత్తం రెండుంపావు రెట్ల పని కార్డు నెత్తిన పడుతుంది, పెట్టినవారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. కాబట్టి స్టీమ్‌వీఆర్‌ను 100 శాతం దగ్గర, ఆటలోని మీటను 1.0 దగ్గర స్థిరంగా ఉంచి, ఒక్క చోట మాత్రమే పెంచడం, తగ్గించడం చేయండి. స్టీమ్‌వీఆర్‌లో రిజల్యూషన్ ఆటోమేటిక్‌గా ఉంటే అది తనకు తోచిన అంకెను ఎంచుకుంటుంది. కస్టమ్‌కు మార్చి మీరే నిర్ణయించండి.

తర్వాత రిఫ్రెష్ రేటు. హెడ్‌సెట్‌లో 120 హెర్ట్జ్ ఉంది కదా అని అక్కడే పట్టుబట్టడం వల్ల చాలామంది తమ కష్టాన్ని తామే కొనితెచ్చుకుంటున్నారు. తడబడే 120 కన్నా ఒక్క ఫ్రేమ్ కూడా తప్పని 72 కంటికి, కడుపుకు ఎంతో హాయి. సమస్య తేలేదాకా 72లోనే ఉండి, మిగులు కనిపించాక 80కి, 90కి వెళ్లండి.

ఆట లోపల ముందుగా నీడల నాణ్యతను, ప్రతిబింబాలను, పొగ, మేఘాల వంటి వాల్యూమెట్రిక్ ప్రభావాలను తగ్గించండి. వీటికి కార్డు పెట్టే ఖర్చు ఎక్కువ, హెడ్‌సెట్‌లో కనిపించే లాభం తక్కువ. టెక్స్చర్ల, అంటే వస్తువుల మీద పరిచే ఉపరితల చిత్రాల, నాణ్యతను మాత్రం కార్డు మెమరీని చూసి నిర్ణయించాలి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద గ్రాఫిక్స్ కార్డును ఎంచుకుంటే డెడికేటెడ్ మెమరీ, షేర్డ్ మెమరీ అని రెండు గీతలు కనిపిస్తాయి. 8 జీబీ కార్డులో మొదటి గీత 7.6 దాకా వచ్చి అతుక్కుపోయి, రెండోది పైకి పాకుతుంటే కార్డు మెమరీ చాలక మామూలు ర్యామ్‌ను అప్పు తెచ్చుకుంటోందన్నమాట. అప్పుడు వచ్చే కుదుపులు భారీగా, అర సెకను పాటు బొమ్మ నిలిచిపోయేంతగా ఉంటాయి. టెక్స్చర్లను ఒక్క మెట్టు దించితే అవి పూర్తిగా పోవడం చూస్తారు.

ఐదో మెట్టు: ప్రాసెసర్, మెమరీ, వేడి

రిజల్యూషన్ తగ్గించినా కుదుపు పోనివారు ఇక్కడికి రావాలి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 30 శాతమే ఉందని చూసి దానిలో లోపం లేదని తేల్చేయడం సరికాదు. ఆటల పనిలో పెద్ద భాగం ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది. ఎనిమిది కోర్లలో ఒకటి ఊపిరాడకుండా పనిచేస్తున్నా మొత్తం సగటు తక్కువగానే కనిపిస్తుంది. ఫ్రేమ్ టైమింగ్ గ్రాఫ్‌లో ప్రాసెసర్ సమయం గడువును దాటుతోందా లేదా అన్నదే నిజమైన సాక్ష్యం. అది దాటుతుంటే దృశ్య దూరం, జనం, వాహనాల రద్దీ, భౌతిక చలనాల లెక్క వంటి సెట్టింగులను తగ్గించాలి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడేవారు భూతలం వివరాల స్థాయిని తగ్గిస్తే పెద్ద నగరాల మీద ఎగిరేటప్పుడు వెంటనే తేడా తెలుస్తుంది. అక్కడ రిజల్యూషన్ తగ్గించడం వల్ల ఒరిగేది స్వల్పం.

ఫ్లైట్ సిమ్యులేటర్ వంటి ఆటలు హెడ్‌సెట్‌తో ఓపెన్ఎక్స్ఆర్ అనే ఉమ్మడి ప్రమాణం ద్వారా మాట్లాడతాయి, ఆ ప్రమాణాన్ని నడిపే ప్రోగ్రామ్‌నే రన్‌టైమ్ అంటారు; వాటి విషయంలో మరొకటి చూడాలి. మెటా లింక్‌తో ఆడుతున్నప్పుడు ఓపెన్ఎక్స్ఆర్ రన్‌టైమ్‌గా స్టీమ్‌వీఆర్ ఉంటే ప్రతి ఫ్రేమ్ రెండు గుమ్మాలు దాటి రావాలి. మెటా లింక్ సెట్టింగుల్లో మెటానే రన్‌టైమ్‌గా పెడితే ఒక గుమ్మం తగ్గుతుంది.

మెమరీ సంగతి చాలామంది పట్టించుకోరు. టాస్క్ మేనేజర్‌లో మెమరీని ఎంచుకుని కుడివైపు కింద ఉన్న వివరాలు చదవండి. వాడిన స్లాట్లు రెండింటిలో ఒకటే అని ఉంటే మీ ర్యామ్ సింగిల్ చానెల్‌లో, అంటే ఉండవలసిన వెడల్పులో సగంతో నడుస్తోంది. మన దగ్గర అమ్మే గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఒకే ర్యామ్ కడ్డీ పెట్టి పంపడం మామూలే కాబట్టి ఇది తప్పక చూడండి. అదే తరహా రెండో కడ్డీ వేస్తే సగటు ఫ్రేముల కన్నా కుదుపుల్లో తేడా ఎక్కువగా తెలుస్తుంది. డెస్క్‌టాప్‌లో అదే చోట కనిపించే వేగం, ర్యామ్ పెట్టె మీద రాసిన వేగం కన్నా తక్కువగా ఉంటే బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే మూల సెట్టింగుల్లో) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేయలేదని అర్థం. 3200 అని కొన్న ర్యామ్ 2133 దగ్గర ఏళ్లతరబడి నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి.

ఇక వేడి. ఎండాకాలంలో రామగుండంలోనో విజయవాడలోనో బయట 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ లోపలికి పీల్చే గాలే వేడిగాలి. ఫ్యాన్లు ఎంత తిరిగినా దాన్ని గది ఉష్ణోగ్రత కన్నా కిందికి చల్లార్చలేవు, కాబట్టి ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌ను వెనక నడుపుతూ పావుగంట ఆడి, తర్వాత గరిష్ఠ ఉష్ణోగ్రతను, థర్మల్ థ్రాట్లింగ్ అన్న వరుసలో ఏమని ఉందో చూడండి. అవును అని ఉంటే ల్యాప్‌టాప్ వెనక అంచును రెండు మూడు అంగుళాలు పైకి లేపండి, జాలీల్లో పేరుకున్న దుమ్మును శుభ్రం చేయించండి, కొని మూడు నాలుగేళ్లు దాటి ఉంటే థర్మల్ పేస్ట్ మార్పించండి. పరుపు మీద పెట్టి ఆడడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

విండోస్ వైపు చేయవలసినవి కొన్నే. ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు తగిలించి, పవర్ మోడ్‌ను గరిష్ఠ పనితీరుకు మార్చండి. డిస్‌ప్లే సెట్టింగుల్లోని గ్రాఫిక్స్ విభాగంలో ఆటకు, స్టీమ్‌వీఆర్‌కు విడి గ్రాఫిక్స్ కార్డునే కేటాయించండి. ఎక్స్‌బాక్స్ గేమ్ బార్ వెనక చేసే రికార్డింగును, డిస్కార్డ్ ఓవర్‌లేను, కీబోర్డు రంగుల దీపాల ప్రోగ్రాములను ఆపి చూడండి. ఇరవై ట్యాబులు తెరిచిన బ్రౌజర్ కూడా కార్డు మెమరీలో వాటా అడుగుతుంది, మూసేయండి. హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ జీపీయూ షెడ్యూలింగ్ అన్న మీట కొన్ని కంప్యూటర్లలో మేలు చేస్తుంది, కొన్నింటిలో అదే కుదుపులకు కారణమవుతుంది. మార్చిన ప్రతిసారీ కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, రెండు విధాలా కొలిచి, మెరుగైనదాన్ని ఉంచుకోండి.

ఆరో మెట్టు: కేబుల్

ఫోన్ చార్జింగ్ కోసం అమ్మే సీ టైప్ కేబుళ్లలో చాలావరకు లోపల యూఎస్‌బీ 2 తీగలే ఉంటాయి. వాటి గరిష్ఠ పరిమితి కాగితం మీద 480 ఎంబీపీఎస్, నిజంగా దక్కేది అంతకంటే బాగా తక్కువ. మెటా లింక్ అప్లికేషన్‌లో పరికరాల విభాగంలో ఉన్న యూఎస్‌బీ పరీక్షను నడపండి. ఫలితం గిగాబిట్లలో, రెండు జీబీపీఎస్ దరిదాపుల్లో వస్తే కేబుల్, పోర్టు రెండూ బాగున్నట్టు. కొన్ని వందల ఎంబీపీఎస్ దగ్గర ఆగితే ముందు కేబుల్‌ను హెడ్‌సెట్ వైపు తీసి గట్టిగా మళ్లీ పెట్టండి, తర్వాత కంప్యూటర్ క్యాబినెట్ ముందున్న పోర్టు నుంచి వెనక మదర్‌బోర్డు పోర్టుకు మార్చండి, హబ్ ఉంటే తీసేయండి, అప్పటికీ మారకపోతేనే కేబుల్‌ను మార్చండి.

వేగం బాగుండి కూడా మధ్య మధ్య సంబంధం తెగుతుంటే అది విద్యుత్ పొదుపు పని. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌లు ఒక్కోదాన్ని తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ కింద కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చని ఉన్న టిక్కును తీసేయండి. విండోస్ పవర్ ప్లాన్‌లోని యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను కూడా ఆపండి.

ఏడో మెట్టు: వైఫై

మొదట ఒక అపోహను తీసేయాలి. ఇంటికి 300 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ఉన్నా 30 ఉన్నా ఇక్కడ తేడా ఏమీ లేదు. చిత్రాలు మీ కంప్యూటర్ నుంచి మీ రౌటర్‌కు, అక్కడినుంచి హెడ్‌సెట్‌కు వెళ్తాయే తప్ప గుమ్మం దాటి బయటికి పోవు. కాబట్టి ప్లాన్ మార్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

ముఖ్యమైన నియమం ఒక్కటే: కంప్యూటర్ రౌటర్‌కు ఈథర్‌నెట్ తీగతోనే కలిసి ఉండాలి, గాలిలో వెళ్లేది హెడ్‌సెట్ ఒక్కటే కావాలి. కంప్యూటర్ కూడా వైఫైలోనే ఉంటే ప్రతి ఫ్రేమ్ అదే గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. పైగా విండోస్ వైఫై అడాప్టర్ చుట్టుపక్కల నెట్‌వర్కుల కోసం అప్పుడప్పుడూ వెతుకుతుంటుంది, ఆ వెతికిన ప్రతిసారీ ఒక కుదుపు. బ్రాడ్‌బ్యాండ్‌తో పాటు వచ్చే పెట్టెల్లో కొన్నింటి ఈథర్‌నెట్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌కే పరిమితం. విండోస్‌లో ఈథర్‌నెట్ వివరాలు తెరిచి లింక్ వేగం 1000 అని ఉందో లేదో చూడండి. 100 అని ఉంటే పోర్టు గానీ, తీగ గానీ గిగాబిట్‌ది కాదు.

హెడ్‌సెట్‌ను తప్పనిసరిగా 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్కుకే కలపండి. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే రౌటర్‌లోకి వెళ్లి 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టండి, లేకపోతే హెడ్‌సెట్ తనకు తెలియకుండానే 2.4కు జారిపోవచ్చు. రౌటర్ మీరు ఆడే గదిలోనే, ఛాతీ ఎత్తులోనో అంతకంటే పైనో, కళ్లకు కనిపించేటట్టు ఉండాలి. ఒక్క కాంక్రీటు గోడ అడ్డం వచ్చినా ఆ తేడా తెలుస్తుంది. చానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టి, చానెల్‌ను ఆటోలో వదలకుండా 36 నుంచి 48 మధ్యలో గానీ, 149 నుంచి 161 మధ్యలో గానీ ఒకటి ఎంచుకోండి. మధ్యలో ఉన్నవి చాలావరకు రాడార్లతో పంచుకునే చానెళ్లు. రాడార్ సంకేతం అనుమానం వచ్చినా రౌటర్ ఆ చానెల్‌ను వదిలి పారిపోవాలి, ఆటలో అది కొన్ని సెకన్ల అంధకారం. హైదరాబాదులో మియాపూర్, కొండాపూర్ వంటి చోట్ల అపార్టుమెంట్లలో వైఫై జాబితా తెరిస్తే పాతిక పేర్లు కనిపిస్తాయి కాబట్టి, ఏ చానెల్ ఖాళీగా ఉందో ఫోన్‌లో వైఫై అనలైజర్‌తో చూసి ఎంచుకోవడం మంచిది.

గాలి నిజంగా శుభ్రంగా ఉందా అని పరీక్షించడానికి, కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి హెడ్‌సెట్ ఐపీ చిరునామాకు రెండు మూడు నిమిషాలు ఆగకుండా పింగ్ (వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని కొలిచే చిన్న సందేశం) పంపి, హెడ్‌సెట్ పెట్టుకునే చోటనే దాన్ని ఉంచి చూడండి. హెడ్‌సెట్ నిద్రపోకుండా మేలుకుని ఉండాలి. వరుసగా 3, 4, 5 మిల్లీసెకన్లు వస్తూ ఉన్నట్టుండి 80, 150 కనిపిస్తే, మీరు చూస్తున్న కుదుపు అదే.

బిట్‌రేట్‌ను, అంటే సెకనుకు పంపే చిత్ర సమాచారం మొత్తాన్ని, చివర చూడండి. ఎక్కువ పెడితే బొమ్మ స్పష్టంగా ఉంటుందన్నది నిజమే గానీ, వైఫై మోయలేనంత పెడితే ఎన్‌కోడర్, నెట్‌వర్క్, హెడ్‌సెట్ డీకోడర్ మూడింటి ఆలస్యం పెరుగుతుంది. 100 ఎంబీపీఎస్ దగ్గర మొదలుపెట్టి, కుదుపు లేకుంటే 150 వరకు పోవచ్చు. చిత్రాన్ని కుదించే పద్ధతుల్లో ఒకటైన ఏవీ1 కోడెక్ తక్కువ బిట్‌రేట్‌లోనే మంచి బొమ్మ ఇస్తుంది, కానీ దానికి హెడ్‌సెట్ క్వెస్ట్ 3 తరానిది, గ్రాఫిక్స్ కార్డు కనీసం ఎన్విడియా 40 వరుస లేదా ఏఎండీ 7000 వరుస తరానిది అయి ఉండాలి.

ఎనిమిదో మెట్టు: ట్రాకింగ్

రెండో మెట్టులో లోపం ట్రాకింగ్‌లోనే ఉందని తేలినవారు గది వెలుతురును చూడాలి. క్వెస్ట్ కెమెరాలు గదిలోని గీతలు, మూలలు, పటాల అంచులు చూసి తమ స్థానాన్ని లెక్కగడతాయి. పూర్తిగా తెల్లగా సున్నం వేసిన ఖాళీ గోడ, పెద్ద అద్దం, రాత్రిపూట అద్దంలా మారే కిటికీ, మెరిసే గ్రానైట్ నేల వాటిని తికమక పెడతాయి. గోడకు రెండు క్యాలెండర్లు తగిలించడం, అద్దం మీద దుప్పటి కప్పడం, రాత్రి తెరలు వేయడం నిజంగా పనిచేసే చికిత్సలు.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. అమెరికాలో 60. ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్ఈడీ బల్బులు కంటికి కనిపించకుండా ఈ లయకు రెట్టింపు వేగంతో మినుకుమంటాయి, ఆ మినుకు కెమెరాల లెక్కను చెడగొడుతుంది. హెడ్‌సెట్ సెట్టింగుల్లో ట్రాకింగ్ విభాగంలో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ అని ఉంటుంది. అది ఆటోలో ఉన్నా, అమెరికా నుంచి తెచ్చిన హెడ్‌సెట్ అయి 60లో ఉన్నా, 50కి మార్చండి. అమెరికాలో ఉంటూ ఇక్కడినుంచి తీసుకువెళ్లినవారు దీన్నే తిరగేసి చేయాలి. కెమెరాల మీది వేలిముద్రలను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. ఎండ పొడ పడే చోట ఆడవద్దు. సూర్యకాంతి చేతి కంట్రోలర్ల ట్రాకింగ్‌ను దెబ్బతీయడమే కాక, లెన్సుల గుండా లోపలికి పడితే తెరను శాశ్వతంగా కాల్చేస్తుంది.

తొమ్మిదో మెట్టు: స్పేస్‌వార్ప్‌ను ఉంచాలా, తీయాలా

ఇన్ని చేశాక కూడా గ్రాఫిక్స్ మిగులు సున్నా చుట్టూ ఊగుతుంటే, ఆట 90కి 45కు మధ్య క్షణక్షణం గెంతుతుంది. ఆ గెంతడమే మిగతా వాటికన్నా ఎక్కువ బాధిస్తుంది. డీబగ్ టూల్‌లోనే గాక, కంట్రోల్ మీట పట్టుకుని నంబర్ ప్యాడ్ మీది అంకెలు నొక్కి కూడా దీన్ని మార్చవచ్చు: 1 నొక్కితే స్పేస్‌వార్ప్ ఆగిపోతుంది, 3 నొక్కితే సగం వేగానికి కట్టేసి స్పేస్‌వార్ప్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచుతుంది, 4 నొక్కితే మళ్లీ ఆటోకు వస్తుంది. విమానాలు, కార్ల వంటి కూర్చుని ఆడే సిమ్యులేటర్లలో 3 బాగా నప్పుతుంది. కత్తులు తిప్పే, బంతులు కొట్టే వేగపు ఆటల్లో చేతుల చుట్టూ వంకరలు వస్తాయి కాబట్టి 1 పెట్టి, ఆ ఖర్చును నాణ్యత తగ్గించి భరించడం మేలు. ఈ పరీక్షలు చేస్తున్నప్పుడు తల తిరిగినట్టు అనిపించిన తొలి క్షణంలోనే హెడ్‌సెట్ తీసేయండి. ఓర్చుకుంటే అలవాటవుతుందన్న మాట తడబడే చిత్రం విషయంలో నమ్మదగినది కాదు.

నిన్నటిదాకా బాగా ఉండి ఇవాళే చెడిపోయినవారు ఈ మెట్లన్నీ ఎక్కనక్కరలేదు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏది అప్‌డేట్ అయిందో చూడండి: విండోసా, గ్రాఫిక్స్ డ్రైవరా, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేరా, ఆటా. డ్రైవర్ అయితే డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో సేఫ్ మోడ్‌లో పాతదాన్ని శుభ్రంగా తీసేసి, బాగా నడిచిన వెర్షన్‌ను మళ్లీ వేయండి. స్టీమ్‌వీఆర్ అయితే స్టీమ్ లైబ్రరీలో దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి బీటా నుంచి బయటికి రావచ్చు, లేదా పాత వెర్షన్ జాబితాలో ఉంటే ఎంచుకోవచ్చు. క్వెస్ట్ హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌ను మాత్రం మామూలు వాడకందారు వెనక్కి తీసుకుపోలేరు. హెడ్‌సెట్‌ను పూర్తిగా ఆపి మళ్లీ వేయడం, లింక్ అప్లికేషన్‌ను కూడా తాజా వెర్షన్‌కు తేవడం వరకే మన చేతిలో ఉన్నది.

చివరికి కొత్తది కొనక తప్పదని తేలితే, కొనవలసింది ఏదో మీరు రాసుకున్న కాగితమే చెబుతుంది. ఒకే ర్యామ్ కడ్డీ ఉంటే ముందు రెండోది. పింగ్ ఎగురుతూ ఉండి కేబుల్ వద్దనుకుంటే, ఆడే గదిలో పెట్టడానికి, హెడ్‌సెట్ ఒక్కదానికే కేటాయించిన వైఫై 6 రౌటర్. ప్రాసెసర్ సమయం గడువును దాటుతుంటే ప్రాసెసర్. రిజల్యూషన్‌ను 100 శాతం దగ్గర, హెడ్‌సెట్‌ను 72 హెర్ట్జ్‌లో ఉంచి, నీడలు తగ్గించాక కూడా గ్రాఫిక్స్ సమయం 13.9 మిల్లీసెకన్లను దాటుతుంటే అప్పుడు గ్రాఫిక్స్ కార్డు. అన్నింటికన్నా ఖరీదైనది అదే కాబట్టి ఆ చివరి కొలతను కనీసం రెండు మూడు వేర్వేరు ఆటల్లో తీసుకోండి. ఒక్క ఆటలోనే దాటుతుంటే, ఆ ఆటకు వచ్చే తర్వాతి అప్‌డేట్ దాకా ఆగడం మంచిది.